ఎముకల్లోంచి ఇచ్చే చేబదులు

“ఇద్దరు పిల్లల్ని కనేసరికి ఒళ్లు గుల్లయిపోయింది” అని చాలామంది తల్లులు అంటారు. నడుము పట్టుకుని లేస్తారు. మోకాళ్లు పట్టుకుని కూర్చుంటారు. “ఆడపుట్టుక పుట్టాక తప్పుతుందా?” అని సరిపెట్టుకుంటారు.

ఈ మాటలో కొంత నిజం ఉంది. కొంత అపోహ ఉంది. బిడ్డ కడుపులో పెరిగేటప్పుడు, పాలు తాగేటప్పుడు తల్లి ఎముకల్లోంచి కొంత సత్తువ బిడ్డకు పోతుంది. ఇది నిజం. పోయింది ఇక రాదు అనుకోవడం అపోహ.

ఎముకలు బిడ్డకు ఇచ్చేది చేబదులు లాంటిది. పక్కింట్లో తెచ్చిన చేబదులు మనం తీరుస్తాం కదా! అలాగే ఎముకల దగ్గర తీసుకున్నదాన్ని కూడా ఒళ్లు తిరిగి తీరుస్తుంది. అయితే తీర్చడానికి మూడు కావాలి. తిండి కావాలి. ఎండ కావాలి. వ్యవధి కావాలి. ఈ మూడూ దొరకని తల్లికి బాకీ మిగిలిపోతుంది.

ఇది ఎలా జరుగుతుందో తెలుసుకుందాం.

ఎముకకు ప్రాణం ఉంది

ఎముక చూడటానికి రాయిలా ఉంటుంది. కానీ అది రాయి కాదు. ఎముక విరిగితే కట్టు కడతారు. కొన్ని వారాలకు అతుక్కుంటుంది. రాయి విరిగితే అతుక్కుంటుందా? ఎముకకు ప్రాణం ఉంది కాబట్టే అతుక్కుంటుంది.

ఎముకలో రోజూ పని జరుగుతూనే ఉంటుంది. పాత ఇంటికి మరమ్మతు చేసినట్టు ఉంటుంది ఆ పని. కొందరు కూలీలు పాత గోడను తవ్వుతారు. వారి వెనకే మేస్త్రీలు వచ్చి కొత్త గోడ కడతారు. తవ్వింది, కట్టింది సమానంగా ఉంటే ఎముక గట్టిగా ఉంటుంది. తవ్వడం ఎక్కువై, కట్టడం తక్కువైతే ఎముక లోపల గుల్లబారుతుంది.

గోడకు సున్నం ఎలాగో ఎముకకు కాల్షియం అలాగ. సున్నంలో ఉండేది కూడా కాల్షియమే. పెద్ద మనిషి ఒంట్లో దాదాపు ఒక కిలో కాల్షియం ఉంటుంది. అందులో నూటికి 99 పాళ్లు ఎముకల్లో, పళ్లలో ఉంటుంది. మిగిలిన ఒక్క పాలు రక్తంలో, కండల్లో ఉంటుంది.

ఆ ఒక్క పాలు చాలా ముఖ్యం. గుండె కొట్టుకోవాలన్నా, కండ కదలాలన్నా అది ఉండాలి. రక్తంలో కాల్షియం తగ్గితే ఒళ్లు ఊరుకోదు. వెంటనే ఎముకల్లోంచి తీసి రక్తంలోకి పంపుతుంది. పొదుపు సంఘంలో డబ్బు దాచుకుంటాం. అవసరం పడితే తీసుకుంటాం. ఎముకలు కూడా కాల్షియం దాచుకునే పొదుపు పెట్టె లాంటివే.

బిడ్డకు ఎంత కావాలి?

పుట్టేనాటికి బిడ్డ ఒంట్లో దాదాపు 30 గ్రాముల కాల్షియం ఉంటుంది. అంటే ఇప్పటి బంగారం లెక్కలో మూడు తులాలు. తల్లి దగ్గర ఉన్నది కిలో. అంటే వంద తులాలు. వంద తులాలు ఉన్న తల్లి మూడు తులాలు బిడ్డకు ఇస్తుందన్నమాట.

ఈ మూడు తులాలు తొమ్మిది నెలల పాటు సమానంగా పోవు. మొదట్లో బిడ్డ ఎముకలు మెత్తగా ఉంటాయి. చివరి మూడు నెలల్లో గట్టిపడతాయి. అందుకే ఐదు వంతుల్లో నాలుగు వంతులు ఆ చివరి మూడు నెలల్లోనే పోతుంది.

కొన్ని ఇళ్లలో సరిగ్గా అప్పుడే తిండి తగ్గిస్తారు. “ఎక్కువ తింటే బిడ్డ పెద్దదవుతుంది. కాన్పు కష్టమవుతుంది” అంటారు. ఇది మంచిది కాదు. తిండి తగ్గితే బిడ్డ తక్కువ బరువుతో పుట్టవచ్చు. తల్లి నీరసిస్తుంది. పైగా, తల్లి తినలేదని బిడ్డ ఎముకలు పెరగడం ఆగదు. తిండిలో దొరకని కాల్షియం తల్లి ఎముకల్లోంచి పోతుంది.

కబురు మోసే హార్మోన్లు

బిడ్డకు కాల్షియం కావాలని తల్లి ఒంటికి ఎవరు చెబుతారు? హార్మోన్లు చెబుతాయి.

హార్మోన్లు అంటే మన ఒంట్లో తయారయ్యే రసాలు. ఇవి రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతాయి. పోస్టుమాన్ ఉత్తరం తెచ్చినట్టు ఒకచోటి కబురు ఇంకోచోటికి చేరుస్తాయి. ఉత్తరం మీద ఎవరి పేరు ఉంటే వారే అందుకుంటారు. అలాగే ఏ హార్మోను ఏ భాగానికి వస్తే ఆ భాగమే ఆ కబురు అందుకుంటుంది.

మొదటి కబురు పేగులకు వెళుతుంది. మామూలు రోజుల్లో మనం తిన్న కాల్షియంలో కొంతే ఒంటికి పడుతుంది. మిగిలింది దొడ్డికి పోతుంది. కడుపుతో ఉన్నప్పుడు పేగులు దాదాపు రెండింతలు కాల్షియం పీల్చుకుంటాయి. ఈ మార్పు మొదటి నెలల్లోనే మొదలవుతుంది. దీనికి విటమిన్ డి సాయం చేస్తుంది. ఎండ తగిలితే చర్మంలో విటమిన్ డి తయారవుతుంది. తరువాత ఒంట్లో మార్పు చెంది హార్మోనులా పని చేస్తుంది. ఇలా పని చేసే విటమిన్ డి గర్భిణి రక్తంలో రెండు మూడు రెట్లు పెరుగుతుంది.

అంటే ఒళ్లు ముందు తిండిలోంచే ఇవ్వాలని చూస్తుంది. తిండిలో ఉంటే ఎముకల జోలికి ఎక్కువగా పోదు. తిండిలో లేకపోతే పేగులు ఏం పీల్చుకుంటాయి?

రెండో కబురు ఎముకలకు వెళుతుంది. మన మెడలో పారాథైరాయిడ్ అనే చిన్న గ్రంథులు ఉన్నాయి. రక్తంలో కాల్షియం తగ్గితే వాటి హార్మోను ఎముకలకు కబురు పెడుతుంది. “కొంచెం కాల్షియం వదలండి” అని ఆ కబురు. గర్భంలో దీన్ని పోలిన ఇంకో హార్మోను కూడా తయారవుతుంది. దాన్ని మాయ, తల్లి రొమ్ములు తయారుచేస్తాయి. ఇది కూడా ఎముకల్లోంచి కాల్షియం తీయిస్తుంది.

పాలిచ్చే నెలల్లో ఏం జరుగుతుంది?

ఎముకల్లోంచి ఎక్కువ కాల్షియం పోయేది కడుపుతో ఉన్నప్పుడు కాదు. పాలిచ్చేటప్పుడు. తల్లిపాలలో రోజుకు 200 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం బిడ్డకు పోతుంది. ఆరు నెలల లెక్క వేస్తే, కడుపులో ఉన్నప్పుడు ఇచ్చినదానికంటే ఇది ఎక్కువే.

కాన్పు తరువాత పేగులు మళ్లీ మామూలుగానే పీల్చుకుంటాయి. మరి పాలకు కాల్షియం ఎక్కడినుంచి రావాలి? చాలా వరకు ఎముకల్లోంచే వస్తుంది. ఇక్కడ రెండు కారణాలు కలుస్తాయి.

ఒకటి ఈస్ట్రోజెన్. ఇది ఆడవారి హార్మోను. ఎముకను తవ్వే కూలీలను అదుపులో పెట్టే పెద్ద మేస్త్రీ ఇదే. బిడ్డ రొమ్ము పట్టి చీకినకొద్దీ ప్రొలాక్టిన్ అనే హార్మోను పెరుగుతుంది. అది పాలు తయారుచేయిస్తుంది. బిడ్డ ఎక్కువగా పాలు చీకే మొదటి నెలల్లో ఈస్ట్రోజెన్ తక్కువగా ఉంటుంది. పాలిచ్చే తల్లికి కొన్ని నెలలు ముట్టు రాకపోవడం అందుకే. మేస్త్రీ లేని చోట కూలీలు ఇష్టం వచ్చినట్టు తవ్వుతారు కదా!

రెండోది, రొమ్ముల్లో తయారయ్యే ఆ పారాథైరాయిడ్ లాంటి హార్మోను. అది “ఇంకా వదలండి” అని ఎముకలకు చెబుతుంది.

ఈ రెండూ కలిసి వెన్నెముకలో నూటికి 3 నుంచి 10 పాళ్లు ఎముకను తగ్గిస్తాయి. ఇది పాలిచ్చే మొదటి ఆరు నెలల్లో జరుగుతుంది.

ఇది విని భయపడవద్దు. పాలు మాన్పించవద్దు. బిడ్డ పాలు మానాక రొమ్ములు ఆ హార్మోను తయారుచేయడం ఆపేస్తాయి. ముట్టు మళ్లీ వస్తుంది. ఈస్ట్రోజెన్ పెరుగుతుంది. మేస్త్రీ తిరిగి వచ్చినట్టే. అప్పుడు తవ్వకం తగ్గి, కట్టడం జోరందుకుంటుంది. ఆరు నెలల నుంచి ఏడాది లోపల పోయిన ఎముక చాలా వరకు తిరిగి వస్తుంది.

పిల్లల్ని కని పాలిచ్చిన ఆడవారిని డాక్టర్లు ముసలితనం దాకా గమనించారు. పాలిచ్చినందువల్ల వారి ఎముకలు ఎక్కువగా విరగలేదు. చేబదులు తీరిపోతుందనడానికి ఇదే రుజువు.

బాకీ ఎవరికి మిగిలిపోతుంది?

ఈ ఏర్పాటు బాగానే ఉంది. కానీ అందరికీ ఒకేలా జరగదు.

పదహారు, పదిహేడేళ్లకే తల్లి అయిన పిల్ల సంగతి చూడండి. ఆమె ఎముకలే ఇంకా పెరుగుతున్నాయి. మన ఎముకలు 25, 30 ఏళ్ల దాకా గట్టిపడుతూ ఉంటాయి. పొదుపు పెట్టె నిండక ముందే తీయడం మొదలైతే ఎలా? ఆడపిల్లకు 18 ఏళ్లు నిండకుండా పెళ్లి చేయకూడదని చట్టం ఉంది. ఆమె ఎముకల కోసం కూడా ఆ చట్టం మంచిదే.

వెంట వెంటనే కాన్పులైన తల్లి సంగతి చూడండి. పెద్దబిడ్డ ఇంకా పాలు మానలేదు. మళ్లీ నెల తప్పింది. పాత బాకీ తీరకముందే కొత్త బాకీ. బిడ్డకూ బిడ్డకూ మూడేళ్ల ఎడం ఉంటే ఎముకకు కోలుకునే వ్యవధి దొరుకుతుంది.

ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే కోడలి సంగతి చూడండి. పాలు పాలకేంద్రానికి పోతాయి. పెరుగు మగవాళ్ల కంచాల్లోకి పోతుంది. ఆమెకు మిగిలేది పచ్చడి, చారు. బాకీ తీర్చడానికి ఆమె దగ్గర ఏముంది?

ఎండ ఎందుకు కావాలి?

కాల్షియం ఎంత తిన్నా విటమిన్ డి లేకపోతే సరిగా ఒంటికి పట్టదు. ఆ విటమిన్ ఎక్కువగా ఎండ నుంచే వస్తుంది. అది చాలా తక్కువైతే ఎముకలు గుల్లబారడమే కాదు, మెత్తబడి వంగిపోతాయి.

కాశ్మీరులో కాథ్లీన్ వాన్ అనే డాక్టరమ్మ పనిచేసింది. 1928లో ఆమె ఒక పుస్తకం రాసింది. పరదా చాటున, చీకటి గదుల్లో బతికే ఆడవారికి ఎండ తగలక ఎముకలు మెత్తబడుతున్నాయని అందులో చెప్పింది. కటి ఎముకలు వంకరపోయి, బిడ్డ బయటికి రావడమే కష్టమవుతోందని రాసింది. లోపం ఆ ఆడవారిలో లేదు. వారిని ఉంచిన చీకటిలో ఉంది.

మన దగ్గర పరదా లేకపోయినా ఎండ చాలుతోందా? తిరుపతిలోని స్విమ్స్ ఆసుపత్రి డాక్టర్లు చుట్టుపక్కల ఊళ్ల వారిని, పట్నం వారిని పరీక్షించారు. 2007లో ఆ వివరాలు అచ్చయ్యాయి. ఆరోగ్యంగా కనిపించిన వారిలో కూడా చాలామందికి విటమిన్ డి తక్కువగా ఉంది. తిండిలో కాల్షియం కూడా తక్కువే. పల్లెవారికి ఎండ కొంత నయం. తిండిలో కాల్షియం మాత్రం వారికే మరీ తక్కువ.

బాలింతను చీకటి గదిలో ఉంచే అలవాటు ఇంకా కొన్ని ఇళ్లలో ఉంది. చలిగాలి తగలకుండా చూడటం మంచిదే. కానీ తల్లికీ, బిడ్డకూ వెలుతురు కావాలి. ముఖానికి, చేతులకు, కాళ్లకు రోజూ కొంతసేపు ఎండ తగలాలి. మన ప్రాంతంలో పగలు 11 గంటల నుంచి 2 గంటల వరకు వచ్చే ఎండలో విటమిన్ డి బాగా తయారవుతుంది. నడి వేసవిలో మాత్రం ఆ ఎండలో కూర్చోవద్దు. వడదెబ్బ తగులుతుంది. అప్పుడు పొద్దుటి ఎండ మేలు.

ఏం తినాలి?

పెద్దవారికి, గర్భిణికి రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. పాలిచ్చే తల్లికి 1200 కావాలి. ఇది 2020లో భారత వైద్య పరిశోధన మండలి చెప్పిన లెక్క.

ఇది మన వంటింట్లో ఎక్కడ దొరుకుతుంది? 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. 100 గ్రాముల మునగాకులో కూడా 300 పైనే. 100 గ్రాముల నువ్వుల్లో 1000 పైనే. ఒక గ్లాసు పాలలో 200 పైనే. పెరుగులోనూ బాగానే ఉంటుంది. ముల్లుతో సహా నమిలే చిన్న ఎండుచేపల్లో కూడా ఉంటుంది. బియ్యంలో మాత్రం చాలా తక్కువ.

ఒక రోజు లెక్క వేసి చూడండి. పొద్దున 50 గ్రాముల రాగిపిండితో జావ తాగితే 150. రోజు మొత్తంలో రెండు గ్లాసుల పాలు గానీ, అంత పాల పెరుగు గానీ తీసుకుంటే 400. గుప్పెళ్ల కొద్దీ మునగాకు, అంటే 50 గ్రాములు, పప్పులో వేసుకుంటే 150. రెండు చెంచాల నువ్వుల పొడి, అంటే 10 గ్రాములు, అన్నంలో కలుపుకుంటే 100. అన్నీ కూడితే 800. మిగిలింది వేరే తిండిలోంచి, ఆసుపత్రిలో ఇచ్చే మాత్రల్లోంచి వస్తుంది.

రాగులను నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి పిండి పట్టిస్తే కాల్షియం ఇంకా బాగా పడుతుంది. పాలకూరలో కాల్షియం ఉన్నా ఒంటికి అంతగా పట్టదు. దాని కంటే మునగాకు మేలు. “నువ్వులు వేడి, కడుపుతో ఉన్నప్పుడు తినకూడదు” అంటారు. కూరల్లో, పొడుల్లో వేసుకునే పాటి నువ్వులతో ఏ ప్రమాదమూ లేదు.

బాలింత పథ్యం పేరుతో పాలు, పెరుగు, కూరలు మాన్పించే అలవాటు కూడా ఉంది. వట్టి కారం అన్నంతో పాలిచ్చే తల్లి ఎముకకు బలం ఎలా వస్తుంది? ఆమె అందరికంటే ఎక్కువ తినవలసిన మనిషి.

తెల్ల మాత్ర, ఎర్ర మాత్ర

2014లో కేంద్ర ప్రభుత్వం ఒక పద్ధతి పెట్టింది. దాని ప్రకారం నాలుగో నెల నుంచి గర్భిణికి రోజుకు రెండు కాల్షియం మాత్రలు ఇవ్వాలి. కాన్పు తరువాత కూడా ఆరు నెలలు ఇవ్వాలి. ఒక్కో మాత్రలో 500 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. విటమిన్ డి కూడా ఉంటుంది. వీటిని డబ్బు తీసుకోకుండా ఇస్తారు.

పాలిచ్చే నెలల్లో ఎముక తగ్గడాన్ని ఈ మాత్రలు పూర్తిగా ఆపలేవు. ఆ తగ్గుదల హార్మోన్ల పని. మరి మాత్రలు ఎందుకు? తిండిలో లోటు ఉన్న తల్లికి ఆ లోటు పూడుతుంది. ఇంకో పెద్ద మేలు కూడా ఉంది. గర్భిణికి బీపీ పెరిగి గుర్రపువాతం వస్తే తల్లీబిడ్డల ప్రాణాలకే ముప్పు. తిండిలో కాల్షియం తక్కువగా ఉన్న తల్లులకు ఈ మాత్రలు ఆ ముప్పును తగ్గిస్తాయి.

మాత్రలు మింగడానికి ఒక పద్ధతి ఉంది. కాల్షియం మాత్రను తిండితో పాటు మింగాలి. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. రెండూ ఒకేసారి వద్దు. రక్తం పట్టడానికి ఇచ్చే ఐరన్ మాత్రను దీనితో కలిపి మింగకూడదు. రెండింటికీ మధ్య రెండు గంటల ఎడం ఉండాలి. కలిపి మింగితే ఐరన్ సరిగా పట్టదు. మూత్రపిండాల్లో రాళ్లు వచ్చినవారు మాత్రలు మొదలుపెట్టే ముందు డాక్టరుకు ఆ సంగతి చెప్పాలి.

కొందరు మాత్రలు తెచ్చుకుంటారు. గూట్లో పెడతారు. మరిచిపోతారు. కొందరు మలబద్ధకం వస్తోందని పారేస్తారు. పారేయవద్దు. నర్సమ్మకు చెప్పండి. ఎక్కువ నీళ్లు తాగమంటుంది. ఆకుకూరలు తినమంటుంది. అవసరమైతే మాత్ర మారుస్తారు.

ఏ నొప్పిని ఊరికే వదలకూడదు?

కడుపుతో ఉన్నవారికి నడుము నొప్పి మామూలే. పొట్ట బరువు ముందుకు లాగుతుంది. కాన్పు కోసం కీళ్లు కొంచెం వదులవుతాయి. పడుకుంటే ఈ నొప్పి తగ్గుతుంది. కాన్పయ్యాక మెల్లగా పోతుంది.

కానీ చాలా అరుదుగా వేరే రకం నొప్పి వస్తుంది. ఒక ఇంట్లో ఇలా జరిగిందనుకుందాం. తొలి కాన్పయి రెండు నెలలైంది. కోడలు నీళ్ల బిందె ఎత్తబోయింది. వీపు మధ్యలో కలుక్కుమంది. ఇక నిటారుగా నిలబడలేకపోయింది.

“అత్తమ్మా, వీపు కదపలేకపోతున్నాను” అంది.

“మేమూ కన్నాం. మాకు నొప్పులు లేవా? రెండు రోజులు కాపడం పెట్టుకో, అదే తగ్గుతుంది” అంది అత్త.

రెండు రోజులు పోయాయి. రెండు వారాలు పోయాయి. బిడ్డను ఒళ్లోకి తీసుకోలేకపోతోంది. వీపు కొంచెం వంగింది. ఎత్తు తగ్గినట్టు కనిపిస్తోంది.

అత్తకు కోడలంటే కోపం లేదు. ఈ జబ్బు ఒకటుందని ఆమెకు తెలియదు. వెన్నుపూస ఎముక గుల్లబారి, నలిగిపోతే ఇలా జరుగుతుంది. చివరి నెలల్లో గానీ, కాన్పయిన కొన్ని నెలల లోపల గానీ వస్తుంది. 1955లో నార్డిన్, రోపర్ అనే ఇద్దరు డాక్టర్లు లాన్సెట్ అనే ఇంగ్లీషు వైద్య పత్రికలో దీని గురించి రాశారు. అంతకు ముందు దీన్ని గుర్తించినవారు బహు తక్కువ.

ఇది ఎందుకు వస్తుంది? ఒక్క కారణం కాదు. కొందరికి ముందు నుంచే ఎముకలు బలహీనంగా ఉంటాయి. వారి తల్లికీ, అక్కచెల్లెళ్లకూ అలాగే ఉండవచ్చు. కొందరికి విటమిన్ డి తక్కువ. కొందరు ఉబ్బసానికి, కీళ్లవాతానికి స్టెరాయిడ్ మందులు చాలా కాలం వాడి ఉంటారు. కొందరికి రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇంజెక్షన్లు ఇచ్చి ఉంటారు. ఇలాంటి ఎముకల మీద పాలిచ్చే నెలల హార్మోన్లు కూడా తోడైతే వెన్నుపూస తట్టుకోలేదు.

కాబట్టి కొన్ని గుర్తులు తెలిసి ఉండాలి. వీపులో ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి రావడం. పడుకున్నా తగ్గకపోవడం. ఎత్తు తగ్గడం, వీపు వంగడం. తుంటిలో నొప్పి వచ్చి కుంటుతూ నడవడం. వీటిలో ఏది కనిపించినా ఆసుపత్రికి తీసుకుపోవాలి. వీపు పట్టించడం, తొక్కించడం చేయకూడదు. నలిగిన ఎముక ఇంకా నలుగుతుంది. ఏయే మందులు వాడారో డాక్టరుకు చెప్పాలి. మందులు సొంతంగా మానేయకూడదు. ఇలాంటి తల్లికి మాత్రం పాలు మాన్పించమని డాక్టరు చెప్పవచ్చు. ఆ నిర్ణయం డాక్టరు చూసి చెప్పాలి. ఇంట్లోవారు తీసుకోకూడదు.

ఆడవాళ్లు అడిగే ప్రశ్నలు

బిడ్డకు కాల్షియం పళ్లలోంచి కూడా పోతుందా?

పోదు. ఎముకలో ఉన్నట్టు పళ్లలో తవ్వే కూలీలు ఉండరు. గర్భంలో హార్మోన్ల వల్ల చిగుళ్లు వాచి రక్తం కారుతుంది. వాంతులతో వచ్చే పులుపు పళ్లను పాడుచేస్తుంది. వాంతి అయ్యాక నీళ్లు పుక్కిలించాలి. రోజుకు రెండుసార్లు పళ్లు తోముకోవాలి.

తాంబూలంలో సున్నం వేసుకుంటే చాలదా?

సున్నంలో కాల్షియం ఉన్న మాట నిజమే. కానీ దానితో పాటు వక్క, పొగాకు వేసుకుంటారు. ఇవి నోటి క్యాన్సర్ తెస్తాయి. కడుపులో బిడ్డకూ హాని చేస్తాయి. రాగిజావ ఉండగా తాంబూలం ఎందుకు?

ముట్లుడిగాక ఎముకలు ఎందుకు విరుగుతాయి?

పాలిచ్చేటప్పుడు ఈస్ట్రోజెన్ కొన్నాళ్లే తగ్గుతుంది. తిరిగి వస్తుంది. ముట్లుడిగాక మళ్లీ రాదు. అందుకే ఆ వయసులో పోయిన ఎముక తిరిగి రావడం కష్టం. గర్భసంచి ఆపరేషన్‌లో అండాశయాలను కూడా తీసేస్తే చిన్న వయసులోనే ఈ స్థితి వస్తుంది. ఎవరైనా ఆపరేషన్ చేయించుకోమంటే “అండాశయాలు ఉంచుతారా, తీస్తారా? తీయడం తప్పనిసరా?” అని అడగండి. అడగడం మన హక్కు. ఇంకో డాక్టరుకు కూడా చూపించుకోండి.

కలిసి మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో అందరికంటే ఆఖరున తినేది ఎవరు? వారి కంచంలో పాలు, పెరుగు ఉంటున్నాయా?

2. మీ వీధిలో ఇప్పుడు కడుపుతో ఉన్నవారు ఎందరు? వారికి కాల్షియం మాత్రలు అందుతున్నాయా? అందకపోతే ఎవరిని అడగాలి?

3. మీ ఊళ్లో బాలింతకు ఏమేం తినకూడదంటారు? వాటిలో దేనివల్ల నిజంగా హాని ఉంది? నర్సమ్మను పిలిచి అడగండి.

4. నిన్న మీరు తిన్నవన్నీ పలక మీద రాయండి. ఒక్కోదానిలో ఎంత కాల్షియం ఉందో పక్కన వేయండి. కూడండి. 1000కి ఎంత తక్కువైంది? రేపు దాన్ని దేనితో పూడుస్తారు?